అప్పుల్లో చిక్కిన కంపెనీకి ఏ దారి మేలు? సెటిల్‌మెంట్, ప్రీ-ప్యాక్, ట్రిబ్యునల్, ఐపీ: నెల్లూరు, ప్రకాశం వ్యాపారులకు పోలిక

ముత్తుకూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్, ఒంగోలులో పొగాకు ఎగుమతి వ్యాపారం, నెల్లూరులో రైసు మిల్లు. నాలుగింటికీ బ్యాంకు కిస్తీలు ఆగాయనుకుందాం. పక్క వ్యాపారి ఏం చేశాడో చూసి అదే చేస్తే నలుగురిలో ముగ్గురు నష్టపోతారు. ఎందుకంటే చట్టం మొదట చూసేది అప్పు ఎంత అని కాదు, ఆ వ్యాపారం ఏ రూపంలో రిజిస్టరై ఉంది, బ్యాంకులో జామీను సంతకం ఎవరు పెట్టారు అని.

ముందు ఈ రెండూ తేల్చుకోండి

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ గానీ ఎల్‌ఎల్‌పీ గానీ అయితే 2016 నాటి దివాలా స్మృతి, అంటే ఐబీసీ వర్తిస్తుంది. కేసు కంపెనీల వివాదాలు చూసే జాతీయ ట్రిబ్యునల్, అంటే ఎన్‌సీఎల్‌టీ, అమరావతి బెంచ్‌కు, అప్పీలు చెన్నైలోని పై ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ బెంచ్‌కు వెళ్తుంది. సొంత పేరు మీద నడిచే షాపు, మామూలు భాగస్వామ్య సంస్థ అయితే ఆ తలుపు లేదు. ఐబీసీలో వాళ్ల కోసం రాసిన భాగాన్ని అమల్లోకి తేలేదు. వాళ్లకు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే గతి, సివిల్ కోర్టే వేదిక. మన జిల్లాల్లో మిల్లులు, కమీషన్ కొట్లు, రొయ్యల కొనుగోలు వ్యాపారాలు చాలామటుకు ఈ రెండో కోవలోవే. అయినా ట్రిబ్యునల్‌కు వెళ్దామని లాయరు దగ్గరికి వచ్చేవాళ్లకు కొదవలేదు.

రెండోది జామీను. కంపెనీ తీసుకున్న ప్రతి సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్ అప్పు) వెనక డైరెక్టర్లు, వాళ్ల భార్యలు, ఒక్కోసారి అన్నదమ్ములు కూడా వ్యక్తిగత హామీ రాసి ఉంటారు. కంపెనీ మీద మారటోరియం, అంటే వసూలు చర్యలకు చట్టం వేసే తాత్కాలిక అడ్డుకట్ట, వస్తే బ్యాంకు చర్యలు కంపెనీ మీద ఆగుతాయి. జామీనుదారు మీద ఆగవు. సుప్రీంకోర్టు 2018 ఆగస్టులో స్టేట్ బ్యాంక్, వి. రామకృష్ణన్ కేసులో ఇదే తేల్చింది, అదే ఏడు చట్టంలోనూ రాశారు. ప్లాంటుకు రక్షణ దొరికిందని ఊపిరి పీల్చుకునేలోపు మాగుంట లేఅవుట్‌లో ఉన్న ఇంటికి నోటీసు రావచ్చు. అందుకే ఏ దారిని తూచినా మొదట వేయాల్సిన ప్రశ్న ఒకటే: ఇందులో జామీను సంగతి కూడా తెగుతుందా?

కిస్తీ తప్పిన 90 రోజులు

కిస్తీ తప్పిన రోజు నుంచి 30 రోజుల వరకు ఖాతా ఎస్‌ఎంఏ-0 (ఇబ్బందుల్లో పడ్డ ఖాతాకు బ్యాంకు పెట్టే గుర్తు), 60 వరకు ఎస్‌ఎంఏ-1, 90 వరకు ఎస్‌ఎంఏ-2. 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఈ మూడు నెలల్లో చేతిలో ఉన్న అవకాశాలు ఆ తర్వాత సగానికి పడిపోతాయి. చాలామంది ఈ సమయాన్ని చేబదుళ్లు తెచ్చి ఒక్కో కిస్తీ కట్టడంలో ఖర్చు చేస్తారు. అది దాదాపు ఎప్పుడూ తప్పుడు లెక్కే. అప్పు అంతే ఉంటుంది, పైగా బంధువులకూ బాకీ పడతారు.

చేయాల్సింది ఇది. చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు (ఎంఎస్ఎంఈ) ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండి, బ్యాంకు పరిమితి 25 కోట్ల లోపు ఉంటే 2015 నాటి ఎంఎస్ఎంఈ పునరుద్ధరణ విధానం కింద బ్రాంచికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. 10 లక్షలు దాటిన ఖాతా అయితే బ్యాంకు కమిటీ 5 పనిదినాల్లో కూర్చోవాలి. గడువు పెంచడం, కిస్తీలు మార్చడం, అవేవీ కుదరకపోతే వసూలు: ఈ మూడింట్లో ఒకటి తేల్చాలి. కారణం స్పష్టంగా రాయాలి. "2025 ఆగస్టు 27 నుంచి అమెరికా సుంకం 50 శాతానికి చేరింది, ఫలానా ఆర్డర్లు రద్దయ్యాయి, ఫలానా తేదీకల్లా వేరే దేశపు కొనుగోలుదారు నుంచి ఇంత వస్తుంది" అన్నట్టు, కాగితాలు జతచేసి. "మార్కెట్ బాగోలేదు" అన్న ఒక్క ముక్క చాలదు.

ఈ దరఖాస్తు విలువ తర్వాత తెలుస్తుంది. 2024 ఆగస్టు 1న ప్రో నిట్స్, కెనరా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు ఈ విధానం బ్యాంకులకు తప్పనిసరి అంది. ఖాతాను ఎన్‌పీఏ చేయకముందే ఇబ్బందిని గుర్తించాలంది. అదే తీర్పులో ఇంకో మాటా ఉంది: వ్యాపారి కూడా సకాలంలో, ఆధారాలతో తాను ఎంఎస్ఎంఈనని చెప్పుకోవాలి. అంతా అయిపోయి వేలం దాకా వచ్చాక చెబితే వినరు. 2025లో ఇంకో తీర్పు దీన్ని మరింత బిగించింది. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునేందుకు బ్యాంకు వాడే సర్ఫేసీ చట్టం నోటీసుకు ఇచ్చే జవాబులోనైనా ప్రమాణపత్రంతో ఆ మాట ఎత్తి ఉండాలి.

సెటిల్‌మెంట్, సర్ఫేసీ

ఎన్‌పీఏ అయ్యాక మొదట వచ్చేది సర్ఫేసీ చట్టం 13(2) నోటీసు, 60 రోజుల గడువుతో. దానికి అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆ తర్వాత స్వాధీనం. స్వాధీన చర్య జరిగిన 45 రోజుల్లోపు బ్యాంకు బాకీల ట్రిబ్యునల్ అయిన డీఆర్‌టీకి వెళ్లవచ్చు. అక్కడ ఓడి పై ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే బాకీలో 50 శాతం డిపాజిట్ చేయాలి. కారణం చూపితే 25 వరకు తగ్గిస్తారు, అంతకంటే దిగరు. మొత్తం కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడేదాకే ఉంటుంది. వేలం రోజు ఉదయం డబ్బు తీసుకెళ్లినా హక్కుగా అడగలేరు.

ఇక్కడ మన జిల్లాల్లో తరచూ వినే వాదన: "తాకట్టు పెట్టింది చెరువులు, వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదు కదా." చట్టంలో 31(ఐ) మినహాయింపు నిజమే. కానీ అడంగల్‌లో ఏముందన్నది ఒక్కటే సరిపోదు. ఆ భూమిని తాకట్టు పెట్టేనాటికి నిజంగా వ్యవసాయానికి వాడుతున్నారని చూపాల్సిన భారం అప్పు తీసుకున్నవారిదే అని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. రొయ్యల చెరువు, ఏరియేటర్ల షెడ్డు, పక్కనే ఐసు ప్లాంటు ఉన్న భూమి మీద ఈ వాదనను కేసులో ఒక భాగంగా వాడుకోండి, కేసంతా దాని మీద నిలబెట్టొద్దు.

ఒకే దఫా సెటిల్‌మెంట్, ఓటీఎస్, హక్కు కాదు. కోర్టు బ్యాంకును బలవంతపెట్టదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అయినా ఒకే బ్యాంకు, ఒకే ఆస్తి, చేతిలో కొనేవాడు ఉన్నచోట ఇంతకంటే చవకైన దారి లేదు. జాగ్రత్త పడాల్సింది మూడింటి దగ్గర. మంజూరు లేఖలో జామీనుదారుల పేర్లు, వాళ్ల ఆస్తుల విడుదల విడిగా రాయించుకోవాలి. ఒక్క కిస్తీ తప్పినా రాయితీ మొత్తం రద్దయ్యే షరతు దాదాపు ప్రతి లేఖలో ఉంటుంది కాబట్టి డబ్బు కుదిరాకే ఒప్పుకోవాలి. ఇక 2023 జూన్ నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం వ్యవసాయేతర అప్పుకు కనీసం 12 నెలలు ఆ బ్యాంకు నుంచి కొత్త అప్పు రాదు. సీజను పెట్టుబడి దానిమీదే నడిచే వ్యాపారమైతే ఆ ఏడాది ఎలా గడుస్తుందో ముందే లెక్క వేసుకోవాలి.

ప్రీ-ప్యాక్: పగ్గాలు వదలకుండా

అప్పులిచ్చినవాళ్లతో ముందే మాట కుదుర్చుకుని ట్రిబ్యునల్‌కు వెళ్లేలా 2021 ఏప్రిల్‌లో ఎంఎస్ఎంఈల కోసమే తెచ్చిన ఏర్పాటు ఇది. దేశం మొత్తం మీద దీన్ని వాడినవాళ్లు చాలా తక్కువ. అయినా ఓ మాదిరి ప్లాంట్లు నడిపే కంపెనీలకు దీనికంటే మేలైంది కనిపించదు, అందుకే దీని మీద ఎక్కువసేపు నిలుస్తున్నాం.

బాకీ కనీసం 10 లక్షలు ఉండాలి. మామూలు దివాలా ప్రక్రియకు 2020 మార్చి 24 నుంచి కోటి రూపాయలు. గత మూడేళ్లలో ఇలాంటి ప్రక్రియ ముగిసి ఉండకూడదు. అన్నిటికంటే పెద్ద తేడా: యాజమాన్యం డైరెక్టర్ల చేతిలోనే ఉంటుంది. మొత్తం గడువు 120 రోజులు, అందులో మొదటి 90 రోజుల్లో అప్పులు ఎలా తీరుస్తారో చెప్పే ప్లాన్ ట్రిబ్యునల్ ముందుకు వెళ్లాలి. దరఖాస్తు ఫీజు 15,000 రూపాయలు.

కష్టమంతా దరఖాస్తుకు ముందే. డైరెక్టర్లలో మెజారిటీ డిక్లరేషన్ ఇవ్వాలి, వాటాదారులు ప్రత్యేక తీర్మానం చేయాలి, బంధుత్వం లేని ఆర్థిక రుణదాతల్లో విలువ ప్రకారం 66 శాతం ఒప్పుకోవాలి. ఈ 66 దగ్గరే చాలా ప్రయత్నాలు ఆగిపోతాయి. ఒక లెక్క చూడండి. మొత్తం 18 కోట్ల అప్పులో ఒక బ్యాంకుది 14, ఇంకో సంస్థది 4 అయితే పెద్ద బ్యాంకు ఒక్కటే 77 శాతం దాటుతుంది. మాట్లాడాల్సింది ఒక్కరితోనే. అదే 10, 8గా ఉంటే పెద్దది 56 శాతం దగ్గరే ఆగుతుంది, ఇద్దరూ కలవకపోతే దరఖాస్తే లేదు. డైరెక్టర్లు, వాళ్ల చుట్టాలు కంపెనీకి ఇచ్చిన అన్‌సెక్యూర్డ్ అప్పులు ఈ లెక్కలోకి రావు. వాటిని చూపించి శాతం పెంచుకోవచ్చనుకుంటే కుదరదు.

రెండో కీలకం బేస్ ప్లాన్, అంటే కంపెనీ తానే పెట్టే మొదటి ప్లాన్. సరుకు ఇచ్చిన రైతులకు, మేత డీలర్లకు, రవాణా వాళ్లకు, అంటే ఆపరేషనల్ రుణదాతలకు, పైసా కోత లేకుండా ప్లాన్ రాస్తే బ్యాంకుల కమిటీ దాన్ని నేరుగా ఆమోదించవచ్చు. వాళ్ల బాకీలో కోత పెడితే బయటివాళ్ల నుంచి పోటీ ప్లాన్‌లు పిలిచే వీలుంది, కంపెనీ చేజారే ముప్పు అక్కడే మొదలవుతుంది. రైతుల బాకీ 3 కోట్లు, బ్యాంకు బాకీ 18 కోట్లు అయితే ఆ 3 కోట్లు పూర్తిగా ఇచ్చేలా ప్లాన్ కట్టడమే తెలివైన పని. న్యాయం కూడా అదే. రైతు సరుకు పట్టుబడి రోజున చీటీ మీద నమ్మకంతో ఇచ్చాడు.

బ్యాంకు ముందే 7వ సెక్షన్ కింద, లేదా సరఫరాదారు 9వ సెక్షన్ కింద కేసు వేసేసినా ఆశ వదులుకోనక్కర్లేదు. ఆ కేసు వేసిన 14 రోజుల్లోపు ప్రీ-ప్యాక్ దరఖాస్తు వేస్తే ట్రిబ్యునల్ ముందు దాన్నే తేలుస్తుంది. అయితే పైన చెప్పిన తీర్మానాలు, 66 శాతం సమ్మతి అప్పటికే చేతిలో ఉంటేనే ఈ 14 రోజులు సరిపోతాయి.

ఇందులో ట్రిబ్యునల్ నియమించే నిపుణుడు, అంటే రిజల్యూషన్ ప్రొఫెషనల్ (ఆర్పీ), కంపెనీని నడపడు. కాపలా కాస్తాడు. కంపెనీ ఇచ్చిన బాకీల జాబితాను సరిచూస్తాడు, యాజమాన్యం తీరును గమనిస్తాడు, తప్పు కనిపిస్తే బ్యాంకులకు చెబుతాడు. మోసం గానీ ఘోరమైన నిర్వహణ లోపం గానీ బయటపడితే కమిటీ 66 శాతం ఓటుతో ట్రిబ్యునల్‌ను అడిగి యాజమాన్యాన్ని ఆర్పీకి అప్పగించవచ్చు. ప్రక్రియ మొదలైన 2 రోజుల్లో బాకీల జాబితా, బేస్ ప్లాన్ ఆర్పీ చేతికి ఇవ్వాలి. పుస్తకాలు సరిగా లేని కంపెనీ ఈ దారిలోకి రాకూడదు.

మామూలు దివాలా ప్రక్రియ: ఆర్పీ చేతికి కంపెనీ వెళ్లాక

బ్యాంకో సరఫరాదారో వేసినా, కంపెనీ తనంతట తాను 10వ సెక్షన్ కింద వేసినా ట్రిబ్యునల్ ఆర్డరు వచ్చిన నాడే బోర్డు అధికారాలు ఆగిపోతాయి. బ్యాంకు ఖాతాల మీద సంతకం తాత్కాలిక ఆర్పీది. గడువు 180 రోజులు, పొడిగింపు 90, కోర్టు వివాదాలతో కలిపి 330. ఆచరణలో ఈ గడువు దాటిపోవడం మామూలే.

ఆర్పీ విధులు ప్రమోటరుకూ, బాకీ రావాల్సినవాళ్లకూ వంటబట్టాలి. తప్పు జరిగితే పట్టుకోవాల్సింది వాళ్లే. నియామకం జరిగిన 3 రోజుల్లో బహిరంగ ప్రకటన, 14 రోజుల్లో క్లెయిములు, చివరి తేదీ తర్వాత 7 రోజుల్లో వాటి పరిశీలన. ఆస్తి విలువ కట్టడానికి ఇద్దరు రిజిస్టర్డ్ వాల్యూయర్లు, 47వ రోజు దాటకుండా. గత లావాదేవీల్లో అనుమానాస్పదమైన వాటి మీద 75వ రోజుకు అభిప్రాయం, 115కు నిర్ధారణ, 130కి ట్రిబ్యునల్‌కు దరఖాస్తు. క్లెయిము సరిచూసే అధికారమే ఆర్పీది, తీర్పు చెప్పే అధికారం కాదు. క్లెయిము తగ్గిస్తే కారణం అడగండి, తృప్తి లేకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లండి. ఆర్పీ మీద దివాలా వ్యవహారాల నియంత్రణ సంస్థ ఐబీబీఐకి ఫిర్యాదు చేసే వీలూ ఉంది.

20వ సెక్షన్ కింద కంపెనీని నడుస్తున్న వ్యాపారంగా కాపాడాలన్నదే అసలైన భారం. రొయ్యల ప్లాంటులో దీనర్థం ఏమిటో దగ్గరగా చూద్దాం. కోల్డ్ స్టోరేజిలో మైనస్ 18 డిగ్రీల వద్ద సరుకు ఉంది. డిస్కం పాత బకాయి పేరుతో కరెంటు కోస్తానంటుంది. నిత్యావసర సరఫరాల జాబితాలో కరెంటు ఉంది గానీ, అది ఉత్పత్తికి నేరుగా వాడే ముడిసరుకు కాకూడదన్న షరతూ ఉంది. ఫ్రీజింగ్ ప్లాంటుకు కరెంటు ముడిసరుకేనని వాదన రాక మానదు. కాబట్టి ఆర్పీ మొదటి వారంలోనే 14(2ఏ) కింద ఈ సరఫరా కంపెనీ విలువ కాపాడడానికి కీలకమని లిఖితపూర్వకంగా తెలపాలి, ఆ రోజు నుంచి వచ్చే బిల్లును తప్పకుండా కట్టాలి. పాత బకాయి క్లెయిముగా వేసుకోవాలి, కొత్త బిల్లు మాత్రం నెలనెలా చెల్లాలి. ఈ ఒక్క పనిలో పది రోజులు ఆలస్యమైతే పరిష్కరించడానికి సరుకే మిగలదు.

అదే వారంలో బ్లాకుల వారీగా, కౌంటు వారీగా స్టాకు లెక్క రాయించాలి. చివరి స్టాక్ స్టేట్‌మెంట్‌లో బ్యాంకుకు చూపిన సరుకుకూ గదిలో ఉన్నదానికీ తేడా వస్తే అది మోసం కేసుకు దారితీయవచ్చు. బీమా గడువు, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపీఈడీఏ రిజిస్ట్రేషన్, ఎగుమతి తనిఖీ ఆమోదం, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు ఏ రోజున ముగుస్తాయో జాబితా కట్టాలి. ఆమోదం జారిపోయిన ప్లాంటుకు కొనేవాడు తుక్కు ధరే చెబుతాడు. కంటెయినర్ పంపడం రోజువారీ వ్యాపారం, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొత్త అప్పు, తాకట్టు, సంబంధీకులతో లావాదేవీ లాంటివి 28వ సెక్షన్ కింద కమిటీ 66 శాతం ఓటు లేనిదే చేయకూడదు.

డైరెక్టర్లు సహకరించాలని 19వ సెక్షన్ చెబుతోంది. పుస్తకాలు దాస్తే, ఆస్తులు అప్పగించకపోతే 70వ సెక్షన్ కింద మూడు నుంచి అయిదేళ్ల జైలు. అదే సమయంలో వాళ్ల హక్కులూ ఉన్నాయి: కమిటీ సమావేశాలకు నోటీసు, హాజరు, చర్చకు వచ్చే ప్లాన్‌ల ప్రతులు. 2019 జనవరిలో విజయ్‌కుమార్ జైన్ కేసు దీన్ని ఖాయం చేసింది. చాలామంది అవమానంగా భావించి సమావేశాలకు రారు. రావాలి. తన కంపెనీ ఎంతకు పోతోందో తెలిసే చోటు అదొక్కటే. ఎంఎస్ఎంఈ అయితే 240ఏ కింద పెద్ద కంపెనీల ప్రమోటర్లకు లేని సౌలభ్యం ఉంది, ఎన్‌పీఏ అయినా తన కంపెనీకి తానే ప్లాన్ పెట్టుకోవచ్చు. అయితే ఉద్దేశపూర్వక ఎగవేతదారుగా ముద్ర పడితే ఈ తలుపూ మూసుకుంటుంది.

ఖర్చు తేలికగా తీసుకోవద్దు. ఒప్పుకున్న క్లెయిములు 50 కోట్ల లోపు ఉంటే ఆర్పీ కనీస ఫీజు నెలకు లక్ష రూపాయలు. 50 నుంచి 500 కోట్ల దాకా 2 లక్షలు. వాల్యూయర్లు, లాయర్లు, కాపలా, కరెంటు వేరే. ఇవన్నీ అందరికంటే ముందు చెల్లాలి. 5 కోట్ల ఆస్తి ఉన్న యూనిట్‌కు ఈ దారి సాధారణంగా గిట్టదు.

చీమకుర్తి క్వారీలకు ఒక హెచ్చరిక. లీజు ప్రభుత్వం ఇచ్చింది. మారటోరియం కాలంలో ప్రస్తుత బాకీలు కడుతున్నంతవరకు దివాలా కారణం చూపి దాన్ని రద్దు చేయలేరని 2020లో చట్టం చెప్పింది. కానీ లీజు కాలం ముగిసి పొడిగింపు రాకపోతే? ఎంబసీ ప్రాపర్టీ కేసులో 2019 డిసెంబరు 3న సుప్రీంకోర్టు అలాంటి ప్రభుత్వ నిర్ణయంలో ఎన్‌సీఎల్‌టీ వేలు పెట్టలేదని, హైకోర్టుకే వెళ్లాలని చెప్పింది. లీజుకు రెండేళ్లలోపు ఆయుష్షు మిగిలి ఉంటే దివాలా ప్రక్రియ మీద ఆశ పెట్టుకోవద్దు. కొనేవాడు గ్రానైట్‌కు కాదు, లీజుకు ధర కడతాడు.

జామీనుదారు సంగతి

2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ అప్పుకు జామీను ఉన్నవాళ్ల మీద ఐబీసీ కింద విడిగా కేసు వేయవచ్చు. 2021లో, మళ్లీ 2023 నవంబరు 9న సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. జామీనుదారు తానే 94 కింద కూడా వేయవచ్చు. వేసిన నాటి నుంచి 96వ సెక్షన్ తాత్కాలిక మారటోరియం మొదలవుతుంది, తర్వాత చెల్లింపు ప్రణాళిక మీద అప్పులవాళ్లు విలువలో నాలుగింట మూడు వంతులకు మించి ఓటేస్తే అది ఖాయమవుతుంది. కుదరకపోతే దివాలాయే. అప్పుడు కూడా తాకట్టులో లేని ఒక ఇల్లు, పట్టణంలో 20 లక్షల విలువ వరకు, పల్లెలో 10 లక్షల వరకు మినహాయింపు. తాకట్టు పెట్టిన ఇంటికి ఇది వర్తించదు.

చెక్కు కేసులు ఆగుతాయనుకోవద్దు. కంపెనీ మీద చెక్కు బౌన్సు (138) కేసు మారటోరియంలో ఆగుతుంది, సంతకం పెట్టిన డైరెక్టరు మీద కొనసాగుతుంది. జామీనుదారు 96 మారటోరియం కూడా దాన్ని ఆపదని 2025లో తేలింది. రైతులకు హామీగా ఖాళీ చెక్కులు ఇచ్చిన కొనుగోలుదారులు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో ప్రమాదం ఇంటివాళ్లకు తీర్చిన బాకీలు. దివాలాకు ముందు రెండేళ్లలో డైరెక్టరు తమ్ముడికో అల్లుడికో కంపెనీ డబ్బుతో చేబదులు తీర్చి ఉంటే 43వ సెక్షన్ కింద ఆర్పీ దాన్ని వెనక్కి రప్పించవచ్చు. బయటివాళ్లకైతే ఒక ఏడాది. కంపెనీ గట్టెక్కదని తెలిసీ అప్పులు పెంచిన డైరెక్టరు సొంత జేబులోంచి కట్టాల్సి రావచ్చని 66వ సెక్షన్ చెబుతోంది. దానికి రెండేళ్ల హద్దు కూడా లేదు. అందుకే ప్రతి బోర్డు సమావేశపు మినిట్స్‌లో పరిస్థితి, తీసుకున్న జాగ్రత్తలు రాసిపెట్టాలి.

ఐపీ పెట్టడం

సొంత పేరుతో, భాగస్వామ్యంతో నడిపినవాళ్లు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో పెట్టేదే ఐపీ, అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. పెట్టగానే అప్పులు పోతాయన్నది అపోహ. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి అంతా రిసీవరు చేతికి వెళ్తుంది. అరెస్టు నుంచి రక్షణ అడగవచ్చు. కానీ తాకట్టు ఉన్న బ్యాంకును ఇది ఆపలేదు, దాని సర్ఫేసీ అలాగే నడుస్తుంది. అప్పుల నుంచి విముక్తికి మళ్లీ విడిగా డిశ్చార్జి దరఖాస్తు పెట్టాలి, గడువులో పెట్టకపోతే మొత్తం రద్దవుతుంది. తాకట్టు లేని అప్పుల్లో రూపాయికి ఎనిమిది అణాల ఆస్తి కూడా లేకపోతే, అది తన తప్పు కాదని చూపనిదే పూర్తి విముక్తి ఇవ్వరు. గత మూడేళ్ల లెక్కల పుస్తకాలు లేకపోవడం కూడా అడ్డంకే. రెండేళ్లలోపు భార్య పేర రాసిన గిఫ్టు దస్తావేజును కొట్టేయించే అధికారం రిసీవరుకు ఉంది.

చిన్న అప్పులు చాలామందికి ఉండి, బ్యాంకు తాకట్టు ఏదీ లేనివాడికి ఐపీ పనికొస్తుంది. బ్యాంకు బాకీయే ప్రధానమైన మిల్లు యజమానికి ఓటీఎస్‌తో పోలిస్తే ఇది ఏ రకంగానూ మేలు కాదు.

ఎవరికి ఏది

బంధుత్వం లేని ఒకే పెద్ద బ్యాంకు, సరైన పుస్తకాలు, నడుస్తున్న ప్లాంటు ఉన్న ప్రైవేట్ లిమిటెడ్‌కు ప్రీ-ప్యాక్, దానికి ముందు పునరుద్ధరణ దరఖాస్తు. కొనేవాడు సిద్ధంగా ఉండి ఆస్తి ఒక్కటే అయితే జామీను విడుదలతో సహా ఓటీఎస్. అనేక బ్యాంకులు, వాళ్లలో వాళ్లకే పడని చోట మామూలు ప్రక్రియ తప్పదు. అప్పుడు జామీనుదారు దరఖాస్తును కూడా పక్కనే సిద్ధం చేసుకోవాలి. మూసేయాలన్న నిర్ణయం అయిపోయి ఆగిన కిస్తీలు ఏవీ లేకుండా, బాకీలన్నీ తీర్చగలిగే స్థితిలో ఉంటే 59వ సెక్షన్ స్వచ్ఛంద లిక్విడేషన్ ఉంది, ట్రిబ్యునల్ పోరు అక్కర్లేదు.

2025 ఆగస్టు 12న లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు ఎంతవరకు అమల్లోకి వచ్చిందో కూడా చూసుకోవాలి. బాకీ రుజువైతే ట్రిబ్యునల్ తప్పనిసరిగా కేసు చేర్చుకోవడం, రుణదాతలు కోర్టు బయటే మొదలుపెట్టే కొత్త ప్రక్రియ, ప్రభుత్వ పన్ను బాకీలను తాకట్టు బాకీగా చూడకపోవడం, జామీనుదారుల తాత్కాలిక మారటోరియం తీసేయడం అందులోని ముఖ్య ప్రతిపాదనలు. తాత్కాలిక మారటోరియాన్ని నమ్ముకుని వ్యూహం కట్టే జామీనుదారు, దరఖాస్తు వేసే రోజున అమల్లో ఉన్న 96వ సెక్షన్ పాఠాన్ని లాయరు చేత చదివించుకున్నాకే అడుగు వేయాలి.

కంపెనీ నుంచి డబ్బు రావాల్సినవాళ్లకు

రైతుకు, మేత డీలరుకు, ఐసు ప్లాంటుకు బాకీ కోటి దాటకపోతే 9వ సెక్షన్ కింద కేసు వేసే దారి లేదు. నలుగురి బాకీలు కలిపి కోటి చేయడం కుదరదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న తయారీ, సేవా యూనిట్లు ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లాలి. 45 రోజులు దాటిన బాకీకి బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ చట్టంలోనే ఉంది.

వేరే ఎవరో వేసిన కేసులో కంపెనీ ట్రిబ్యునల్‌కు వెళితే ప్రకటన చూసిన వెంటనే ఫారం-బి క్లెయిము వేయండి. జీతం బాకీ ఉన్న ఉద్యోగి ఫారం-డి. 14 రోజులు దాటినా 90 రోజుల వరకు, లేదా ప్లాన్‌ల పిలుపు వెలువడే వరకు, ఏది తర్వాతైతే అప్పటిదాకా తీసుకుంటారు. ఆ తర్వాత ప్లాన్ ఆమోదమైతే అందులో లేని బాకీ శాశ్వతంగా పోయినట్టే, 2021 ఏప్రిల్ 13 నాటి ఘనశ్యామ్ మిశ్రా తీర్పు ఇదే. ఒప్పందపత్రం లేకపోయినా కాటా చీటీలు, కౌంటు, లారీ నంబరు, బ్యాంకులో అప్పుడప్పుడు పడ్డ జమలు ఆధారమే. మూడేళ్లు దాటిన బాకీకి కంపెనీ బ్యాలెన్స్ షీటులో ఆ పేరు ఉందేమో చూడండి, ఆ మూడేళ్లలోపే అది నమోదై ఉంటే కాలదోషం లెక్క అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. ఆపరేషనల్ బాకీలన్నీ కలిపి మొత్తం అప్పులో 10 శాతం ఉంటే ఒక ప్రతినిధి కమిటీ సమావేశంలో కూర్చోవచ్చు. ఓటు ఉండదు గానీ, ప్లాన్‌లో సరఫరాదారులకు ఎంత రాస్తున్నారో అక్కడే మొదట తెలుస్తుంది.